కుంటలో మా ప్లాటు

పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ని. అయినా ఆ చలికాలం బాతుల లెక్క ఒక్కసారి కూడా తేల్చలేకపోయాను. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊరి వెనక ఒక చిన్న కుంట ఉండేది. ఆదివారం పొద్దున్నే సైకిల్ మీద కట్ట దగ్గరికి పోయి, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత బైనాక్యులర్‌తో చూస్తూ కూర్చునేవాణ్ని. దాని కుడి కన్ను మసక. సూదితోక బాతులు ఒకసారి లెక్కపెడితే డెబ్బై, మళ్లీ లెక్కపెడితే తొంభై. సగం బాతులు తల నీళ్లలో ముంచి తోక పైకెత్తి నిలబడితే ఎవరు మాత్రం ఏం లెక్కపెడతారు?

నీళ్లలో అక్కడక్కడా నిలువుగా పాతిన రాతి కడీల కొసలు కనిపించేవి. నీటికాకులు వాటి మీద రెక్కలు ఆరబెట్టుకునేవి. మునిగిపోయిన పాత మండపం రాళ్లేమోనని నోటుబుక్కులో రాసుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఒక ఆదివారం, వల సర్దుకుంటున్న చేపలు పట్టే ఆయనను ఆ మండపం గురించి అడిగాను.

"మండపం ఏందన్నా, అవి ప్లాట్ల హద్దు కడీలు. మొన్న ఎండకాలం కుంటల సుక్క నీళ్లు లేకుండె. గప్పుడు పాతిన్రు," అన్నాడు. "కొన్నోళ్లు ఎవరో, పాపం."

ఆ ఎండాకాలమే మేమూ ఒక ప్లాటు కొన్నాం. వెంచర్ వాళ్లు ఈ కట్ట వైపు కాకుండా సాగర్ రోడ్డు వైపు నుంచి జీపులో తీసుకుపోయి, మజ్జిగ ఇచ్చి, చదునైన నేల చూపించారు. నగరం ఇటే వస్తోందని అందరూ అంటున్న రోజులవి. ప్లాటు మా ఆవిడ పేరున రాయించాం. ఆమె అక్కడికక్కడే మా మూల కడీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. పెళ్లయినప్పటి నుంచీ అద్దె ఇళ్లే. తనదనే గడప ఒకటి ఉండాలన్నది తప్ప ఆమె నన్ను ఏమీ అడగలేదు.

బైనాక్యులర్ మసక వైపు కన్ను మూసుకుని, ఒక్కో కడీ మీది అంకె చదువుకుంటూ పోయాను. ఒక నీటికాకి కాళ్ల కింద, తెల్లటి రెట్ట మధ్య, ఎర్ర రంగు నలభై ఏడు. అది మాదే.

కొంప కట్టకముందే మునిగిందని ఏడవాలో, మా జాగాలో ఇన్ని బాతులు దిగాయని మురిసిపోవాలో తెలియలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కాసేపు మురిసిపోయాను కూడా. ఆ తర్వాత భయం పట్టుకుంది.

మర్నాడు వెంచర్ మనిషికి ఫోన్ చేశాను. ఆయన అసలు తడబడలేదు.

"మొరం పోసి కుంట పూడిస్తే అయిపోతది సార్. ఒప్పుకున్నట్టు మీ ఇంట్ల ఆమె ఒక్క సంతకం పెడితే చాలు. మిగతోళ్లందరు పెట్టిన్రు."

ఆ మాటలు మా ఆవిడకు చెప్పడానికి ఐదు రోజులు పట్టింది. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆదివారం నాతో పాటు కట్ట మీదికి వచ్చి బైనాక్యులర్ అందుకుంది.

"మనది ఎక్కడి దాంక?"

చెయ్యి చాపి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. ఒక బాతు తలకిందులై తోక ఊపితే చిన్నగా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సంతకం పెట్టదేమోనని ఆశ పుట్టింది. ఆ వెంటనే, పెట్టకపోతే ఈమెకు ఇల్లెక్కడిదని దిగులు పుట్టింది.

"గివి ఎప్పుడు పోతయ్?" అంది.

"ఎండలు ముదిరితే పోతాయి."

"అయితే అవి పోయినంకనే పొయ్యమని చెప్పు. అప్పటిదాంక సంతకం పెట్టను. పాపం, నీళ్లల్ల ఉన్నయి గద."

నేను తలూపాను. వచ్చే చలికాలం అవి మళ్లీ ఈ కుంటకే వస్తాయని ఆమెకు చెప్పలేదు.