మా కోటయ్య ఏ ఊరివాడు?

"ఇల్లరికం వచ్చినవాడు మీ ఊరివాడెట్టా అవుతాడొదినా?"

"మా ఇంట్లో తిని, మా మిరపచేలో చాకిరీ చేసేవాడు మా ఊరివాడు కాక మీ ఊరివాడా?"

మొన్న ఆదివారం చెడుగుడు బరి దగ్గర, రెండూళ్ళ జనం మధ్యన, మా అన్న పెళ్ళానికీ నాకూ ఇదీ రగడ! అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే పరువు దక్కేదర్రా. మూసుకుంటానా? వినండి మరి. ఆ టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి.

ఈ తగువు ఇవాళ్టిది కాదు. మా పుట్టిల్లు వాగవతలే. మా అన్నకి ఒక్కతే కూతురు. వరసకి మా కోటయ్యకివ్వాలి. మా వదినేమో "మీవాడు ఇల్లరికం వస్తేనే పిల్లనిస్తా" అని భీష్మించుక్కూర్చుంది. మొగుడు పోయినదాన్ని, ఉన్న ఒక్క కొడుకునీ వాగు దాటించి సేద్యం ఎవరితో చేయించను? "చచ్చినా పంపను" అన్నాను. ఆవిడ సముద్రం పక్కనించి ఇంకో కుర్రాణ్ణి తెచ్చి పెళ్ళి చేసేసింది. వాడు కూత పట్టాడంటే ఊపిరి తియ్యడు! ముగ్గుర్ని చంపిగాని గీత దాటడు. ఆటలో చావేలెండి, కంగారుపడమాకండి.

మొన్నటిది ఫైనలు. ఓడిన ఊరు గెలిచినవాళ్ళకి మేళం పెట్టి ఊరేగించాలి, అది ఎప్పణ్ణించో ఉన్న ఒప్పందం. మేళం సంగతి పోనీ. ఈసారి టౌన్నించి డ్రిల్లు మేష్టారు వచ్చాడు, జిల్లా టీముకి మనుషుల్ని ఏరడానికి. అందులో పడితే మద్రాసు దాకా వెళ్ళొచ్చట! మావాడికి నెల్లాళ్ళుగా ఇదే కలవరింత. కల్లంలో మిరపకాయలు ఎండుతుంటే వాటి చుట్టూ కూత పెట్టుకుంటూ పరుగులు. ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఆపేవాడు కాదు. పొద్దున బయల్దేరేప్పుడు నా చెయ్యి పట్టుకుని "అమ్మా, నాకిదొక్కటే ఛాన్సు. నువ్వక్కడ ఏమీ మాట్లాడమాకు" అన్నాడు.

"నేనేం మాట్లాడతాన్రా?" అన్నాను.

బరి దగ్గర ఆ ఇల్లరికపు అల్లుడు తొడలు చరుచుకుంటున్నాడు. వీడు బరిలో ఉంటే మావాణ్ణెవడు చూస్తాడు? వదినతో ఆ రగడ పెట్టుకుని, అది చాలక మేష్టారి దగ్గరికి పోయాను.

"మేష్టారుగారండీ! ఎక్కడ తింటే అక్కడివాళ్ళే అనేది ఏం రూలండీ? మిరపకోతలకి కూలీలొస్తారు, నెల్లాళ్ళు ఇక్కడే వండుకు తింటారు. వాళ్ళంతా మా ఊరివాళ్ళేనా?"

ఆయన నవ్వాడు. "మనకి వేరే రాష్ట్రం వచ్చాక మా టీముల్లోనూ ఇదే గొడవమ్మా. మద్రాసులో పుట్టి బెజవాడలో ఉన్నవాడు ఎటు ఆడాలని కొట్టుకుంటున్నాం. మీ రెండూళ్ళూ ఏది ఒప్పుకుంటే అదే రూలు."

"పుట్టిన ఊరే ఊరండీ! ఊరు మారితే మనిషి మారతాడా?" అని అరిచాను. మావాళ్ళంతా చప్పట్లు! మా వదిన తమలపాకు నములుతూ, "సరే, ఒప్పుకున్నాం" అంది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో నా బుర్రకి తట్టలేదు. అల్లుడు బరి దిగొచ్చి నా పక్కనే చతికిలబడ్డాడు. "ఏం పిన్నిగారూ, నన్ను మిరప కూలీల్లో కలిపేశారే!" అన్నాడు.

అప్పుడు మా వదిన పక్కకి తిరిగి ఉమ్మేసి, నింపాదిగా అడిగింది. "మరి మా మేనల్లుడు కోటయ్య సంగతేంటి మేష్టారూ? మా తూర్పుగదిలో పుట్టాడు. మంత్రసానిని పిలిపించింది నేనే."

మావాడు పుట్టింది అక్కడే మరి.

తొలికాన్పు కదర్రా! తొలికాన్పుకి పుట్టింటికి వెళ్ళని ఆడదెవరు? మా టీములో ఇంటికి పెద్దకొడుకులంతా అమ్మమ్మగారి ఊళ్ళలో పుట్టినవాళ్ళే! కొందరు వాగవతల, కొందరు ఇంకా అవతల. వాళ్ళ టీమూ అంతే. తల్లుల్ని పిలిచి ఒక్కొక్కర్నీ "ఎక్కడ కన్నావమ్మా?" అని అడుగుతుంటే మేష్టారికి చెమటలు పట్టాయి. "ఇట్టాగైతే రెండో కొడుకులతో ఆడించుకోవాలి" అన్నాడు.

"పోనీ మేష్టారూ, ఎక్కడ తింటే అక్కడే అనుకుందాం లెండి" అన్నాను, గొంతు తగ్గించి.

"పదిమందిలో ఒప్పుకున్న మాటమ్మా. పొద్దుపోతోంది."

కోటయ్య నావంక చూసిన చూపు... తిట్టినా బాగుండేది. తలకి కట్టుకున్న మా ఊరి ఎర్రగుడ్డ విప్పి నా చేతిలో పెట్టి, బరి బయట నిలబడ్డాడు. అవతలివాళ్ళు పిలిస్తేగా ఆడేది! మా వదిన పిలవదే! ఆకాశంలోకి చూస్తోంది. మేష్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను.

"వదినా, మావాణ్ణి ఆడనియ్యి."

"ఎవరివాణ్ణి?"

పళ్ళు నూరుకున్నాను. "మీవాణ్ణే! మీ ఇంట్లో పుట్టినవాణ్ణే!"

"అట్టా చెప్పు" అని, తన చేత్తో వాడి తలకి తెల్లగుడ్డ కట్టింది.

ఇక చూడండి నా అవస్థ! వాడు కూతకి వెళ్ళినప్పుడల్లా గుప్పిట్లు బిగించి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. వాడు మన ఊరివాణ్ణి చంపినప్పుడల్లా "అయ్యయ్యో!" అని పైకి ఏడుస్తున్నాను. పక్కన ఆ అల్లుడు ఒకటే నవ్వు. ఆఖరి కూతలో మావాడు మన ఇద్దర్ని చంపి గీత దాటాడు. మేష్టారు వాడి భుజం తట్టి "వాగవతల ఊరినించి కోటయ్య, జిల్లా టీముకి!" అని కేకేశాడు.

జిల్లా టీములో పడ్డాడు, అదే చాలనుకోండి. కానీ పిల్లనివ్వకుండానే మా వదిన నా కొడుకుని ఇల్లరికం తీసుకుపోయింది! ఓడింది మనం కదా, మేళం ఖర్చెవరిదని పెద్దలు చూస్తే, "రూలు పెట్టినావిడే ఇస్తుంది" అని ఊరంతా ఒక్కమాటే. నా కొడుకుని భుజాల మీదెక్కించుకుని, సన్నాయి ఊదుకుంటూ వాగు దాటించినందుకు నేను కట్టింది అక్షరాలా పదకొండు రూపాయల ఆరణాలు.