తిలార్లో దిగాల్సిన బావగారు

ఈ రోజు నౌపడ నుంచి ఆమదాలవలసకి పాసింజర్లో వస్తుంటే, ఎదురు సీట్లో ఒక బావా, బావమరిదీ తగిలారు. పార్టీలు వేరు, గొంతులు మాత్రం సమానం. తల్లిదండ్రుల్లేని పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సాయం పెంచాలా వద్దా అని ఒకటే గొడవ.

"పెంచితేనే నలుగురూ ముందుకొస్తారు బావా," అన్నాడు బావమరిది.

"ఏటొచ్చేది? డబ్బులకి ఆశపడి తెచ్చుకుంటారు. పరాయి పిల్లని ఊరికే ఎవడు సూస్తాడ్రా? ఆ సొమ్ము హాస్టళ్లకి పెట్టమను!"

బావగారి పక్కన ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో రెండేళ్ల పాప. పక్కింటోళ్ల పిల్లట. తల్లీ తండ్రీ పోతే ఈవిడే సాకుతోంది. ఆ వాదనంతా విని, లేచి, "సేతులు కడుక్కొచ్చేస్తాను, కాస్త పట్టుకో బావూ," అని పాపని బావగారికి అందించేసింది. మన రైళ్లలో పిల్లని అప్పగించడానికి అర్జీలూ ఆధార్లూ అక్కర్లేదు కదా!

పాప ఆయన భుజమ్మీద నిద్రపోయింది. ముసలమ్మ తిరిగొచ్చి చేతులు చాపితే, "ఉండమ్మా, లెగిసిపోతాది," అన్నాడు. ఇంతలో తిలారు వచ్చింది. బావా బావమరుదులది నరసన్నపేట, దానికి దగ్గర స్టేషను ఇదే, ఇక్కడే దిగాలి.

"దిగు బావా!"

"ఒరే, మెల్లగా మాటాడు!" అని కళ్లెర్రజేశాడు. బండి కదిలిపోయింది.

ఆమదాలవలసలో ముసలమ్మ ఎక్కే ఆటో దాకా పాపని ఆయనే మోశాడు. తిలారు టిక్కెట్టుతో ఇంతదూరం వచ్చిన ఈ బావగారిది ఇప్పుడు ఏ పార్టీ అంటారు?