గోడ మీద ఏం లేదు

నేను బడికి పోలేదు. మా మండలాఫీసు గోడ దగ్గరే చదువుకున్నాను. సంతకు పోయిన ప్రతిసారీ ఆ గోడకు అతికించిన కాగితాల ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళను ఒక్కో అక్షరం అడిగి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. తర్వాత తర్వాత నేనే చదివి వినిపించేవాణ్ణయ్యాను. ఎవరి భూమికి సర్వే, ఎవరికి నోటీసు, ఏ లిస్టులో ఎవరి పేరు. నేను గొంతెత్తితే జనం నెత్తిమీది గంపలు దించుకుని వినేవారు. గోడమీద పేరు పడితే పరుగు, పడకపోతే నిశ్చింత. మా అడవి అంచు ఊళ్ళలో అందరం అలాగే బతికాం.

గుట్టమీది కోయగూడెంలో నాకొక చెల్లె ఉంది. తోడబుట్టలేదు. ఎన్నో ఎండాకాలాలు తునికాకు కల్లంలో పక్కపక్కన ఆకు ఎండబెట్టాం, అట్లా చెల్లె అయింది. పెనిమిటి పోయాక ఆమెకు మిగిలింది గుట్ట వాలులో అడవి నరికి చేసుకున్న పోడు చెలక, దానికి పట్టా ఇమ్మని పెట్టుకున్న దరఖాస్తు. ఆ దరఖాస్తు రాసింది నేనే. ప్రతి సంతకూ వచ్చి నా వెనక నిలబడేది.

"ఏమన్న పడ్డదా అన్నా?"

"లేదు చెల్లె. నీ పేరు లేదు."

"పింఛన్ లిస్టులనన్న ఉన్నదా?"

"అండ్ల గూడ లేదు."

"ఏందన్నా, నీ గోడకు నా మీద గంత పగ!" అని నవ్వేది.

పోయిన ఎండాకాలం ఆ గోడను గీకి, పసుపు రంగు వేశారు. కొత్తగా వచ్చిన అధికారి నన్ను పిలిచి మరీ చెప్పాడు: "పెద్దాయనా, ఇకమీద ఈ కాగితాల చెత్త ఉండదు. అంతా వెబ్‌సైట్‌లో పెడుతున్నాం. ఎవరైనా, ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు."

"మా చెల్లె గూడెం నుంచి గూడనా సారూ?"

"సిగ్నల్ ఉంటే చాలు."

"ఉంటది సారూ, చింతచెట్టు ఎక్కితే" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

కాగితాలు తగ్గిస్తామంటే నేనెందుకు కాదంటాను? ఆదాయానికో కాగితం, కులానికో కాగితం, వాటికి జిరాక్సులు, జిరాక్సుల మీద సంతకాలు. వాటితో నా సంచులు ఎన్ని చినిగాయో! కానీ చూడండి, మమ్మల్ని అడిగే కాగితాల్లో ఒక్కటి తగ్గలేదు. మాకు చూపించే కాగితమే పోయింది.

తొలకరికి ముందు చెల్లె చెలక అంచున చెట్లకు నడుమెత్తున ఎర్రరంగు పట్టీలు వచ్చాయి. తర్వాత చేతిలో ఏదో మిషన్ పట్టుకుని ఇద్దరు మనుషులు చెలక చుట్టూ నడిచి వెళ్ళారు. ఎవరితోనూ మాట్లాడలేదు. కుక్క వెంటపడి మొరిగితే దానివైపు కూడా చూడలేదట. ఆ వారంలోనే అంకెలు రాసిన రాళ్ళు పాతారు.

"అన్నా, గా రాళ్ళేంది? ఇత్తనం పెట్టాల్నా, ఆగాల్నా?" అని సంతలో అడిగింది.

నేను గోడ దగ్గరికి పోయాను. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పసుపు రంగు నిగనిగలాడుతోంది. అధికారి మాట విన్నవి ఈ చెవులే. అయినా నా కాళ్ళు నన్ను అక్కడికే తీసుకుపోయాయి, నా నోరు ఎప్పటి మాటే పలికింది.

"గోడమీద ఏం లేదు చెల్లె. ఉంటే పడకపోతదా? ధైర్యంగ పెట్టుకో."

ఆమె పత్తి పెట్టింది.

మొలకలు రెండాకులు తొడిగిన రోజుల్లో గుట్ట మలుపులో ఒక లారీ వచ్చి ఆగింది. దానిమీద మట్టి తవ్వే ప్రొక్లెయిన్.

"ఎవరి పనిమీద వచ్చినవ్ బిడ్డా?" అని డ్రైవర్ను అడిగాను.

"ఫారెస్టోళ్ళ పని పెద్దయ్యా, అడవి హద్దుకు కందకం తవ్వాల్నట. చెప్పేదాక ఆగుమన్నరు."

"యాడ?"

అతను గుట్టవైపు గడ్డం ఎత్తి చూపించాడు. "చెట్లకు ఎర్ర పట్టీలు లేవా? గా లైను."

బస్సెక్కి టౌన్లో నెట్ సెంటరుకు పోయాను. అక్కడి అమ్మాయి "ఏ లిస్టు తాతా?" అంది. నాకేం తెలుసు! ఊరి పేరు కొట్టమన్నాను. చాలాసేపు గుండ్రంగా తిరిగి తిరిగి తెరుచుకుంది: తిరస్కరించిన పట్టా దరఖాస్తులు. మూడో పేజీలో చెల్లె పేరు, ఇంటిపేరు, పెనిమిటి పేరు. ఇన్నేళ్ళలో ఆమె పేరు తప్పులేకుండా రాసిన సర్కారు కాగితం అదొక్కటే. కింద అభ్యంతరాల గడువు. అది దాటి పదకొండు రోజులైంది. నేను గోడ ముందు నిలబడి ధైర్యం చెప్పిన సంతనాటికి గడువు ఇంకా ఉంది.

"ఇప్పుడు పెట్టొచ్చా బిడ్డా?"

"పెట్టే బటన్ తీసేసిన్రు తాతా."

ఆ పేజీ ప్రింట్ తీయించుకున్నాను. అర్జీ రాసుకుని ఆఫీసుకు పోతే గుమస్తా చెయ్యి అడ్డం పెట్టాడు.

"చేతి కాగితాలు తీసుకోవట్లేదు. ఆన్‌లైన్‌లో పెట్టుకో."

"ఆన్‌లైన్ల బటన్ లేదయ్యా."

"అయితే గడువైపోయినట్టు."

అక్కడే బల్లమీద కూర్చుని సమాచారం అడిగే దరఖాస్తు రాశాను: ఈ లిస్టు సంగతి ఏ రోజు, ఏ గూడెంలో, ఎవరికి చెప్పారు? పోస్టాఫీసుకు నడిచి రిజిస్టరు పోస్టులో వేశాను. జవాబివ్వడానికి వాళ్ళకు నెల గడువుంది.

సాయంత్రం గుట్ట ఎక్కి, చెల్లె ఇంటి ముందు నిలబడి ఆ ప్రింటు చదివాను. ఆమె మొత్తం వింది.

"ఇది ఎప్పుడు పడ్డదన్నా?"

"నువ్వు ఇత్తనం పెట్టకముందే."

"మరి గోడమీద ఏం లేదంటివి."

నింద లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి, చూరులో దోపింది. "పొద్దుగాల కలుపు తియ్యాలె" అని లోపలికి పోయింది.

ఇవాళ తెల్లారి మళ్ళీ అటు బయల్దేరాను. మలుపులో లారీ ఉంది. దానిమీద ప్రొక్లెయిన్ లేదు. రోడ్డు దిగిన దగ్గర్నుంచి తడిమట్టిలో గొలుసు చక్రాల అచ్చు గుట్టవైపు పోతోంది. దాని వెంబడే నడిచాను.