వేసవి డీజిల్

మేం దిగింది నవంబరు రెండో వారంలో, పగలు పదకొండున్నరకి. ఉత్తర రష్యాలో ఆర్ఖంగెల్స్క్ పట్నం నుంచి తూర్పుకి ట్రక్కులో ఏడు గంటలు. తలుపు తీసేసరికి మైనస్ పద్దెనిమిది. ఉద్దానంలో సముద్రపు గాలికి పెరిగినవాణ్ణి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టడం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

మేం తొమ్మిది మంది సైనికులం. మంచు మీద నడిచే పట్టాల బండ్లు రెండు ఇచ్చారు. వాటిని చలిలో నడిపి చూసి, మరమ్మతు నేర్చుకుని రావాలి. ఐదు నెలల డ్యూటీ. నేను హవల్దార్ని, మెకానిక్‌ని. పేరు సింహాచలం, ఊరు సోంపేట దగ్గర జలంత్రకోట. రేడియో ఆపరేటరుది టెక్కలి. పరాయి దేశంలో మా జిల్లావాడు దొరికితే ఇంకేం కావాలి, మొదటి రోజు నుంచే నన్ను బావా అన్నాడు. సైన్యంలో రష్యన్ భాష కోర్సు చేశాడు కాబట్టి మా అందరికీ నోరు వాడే. మా పైన సుబేదార్. హిందీవాడు. ఆఫీసర్లు పట్నంలో ఉండేవారు, మా మంచీ చెడూ అంతా సుబేదార్ చేతిలో. ఉత్తరాల సంచీ కూడా.

ఆ మనిషి పేరు రాయను. ఆయన చేసింది రాస్తాను.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. ఆ ఒక్క జిల్లా మన శ్రీకాకుళం జిల్లాకి ఎన్నో రెట్లు పెద్దది. జనం మాత్రం మా సోంపేట మండలంలో ఉన్నంత కూడా ఉండరని చెప్పేవారు. అంతా అడవి. మధ్యలో ఒక నది, దాని ఒడ్డున తెల్లటి రాతి గోడలు. ఊళ్ళన్నీ నది పక్కనే. దుంగలతో కట్టిన ఇళ్ళు, ఒకే కప్పు కింద ఒక పక్క మనుషులు, ఇంకో పక్క ఆవులు. ఎండాకాలం పడవలు. నవంబరులో నది గడ్డకట్టాక ఆ నదే రోడ్డు. పెద్దాసుపత్రి ఉన్న ఊరికి మంచు మీద నలభై ఆరు కిలోమీటర్లు.

ఈ లెక్కలన్నీ మాకు చెప్పింది ఒక ముసలమ్మ. రిటైరైన టీచరు. ఊళ్ళో రెండు గదుల మ్యూజియం ఉండేది, దాని తాళాలు ఆవిడ దగ్గర. ఆదివారాలు మధ్యాహ్నం మేమిద్దరం వెళ్ళేవాళ్ళం, టీ ఇచ్చేది. మొదటి గదిలో బొచ్చు కోసం వచ్చిన పాతకాలపు వర్తకులు, పైన్ చెట్ల నుంచి తారు తీసే కుండలు, వరదలో దుంగలు తేల్చే కొక్కేలు. రెండో గదిలో ఒకే ఒక్క ఫొటో. టోపీ పెట్టుకున్న మగమనిషి. కింద పిల్లల పేర్లు, రెండు వరసలు.

ఆపరేటర్ అడిగి నాకు చెప్పాడు.

"ఈ ఇల్లు ఆడిదేనంట బావా. కమాండెంటు. పంతొమ్మిదొందల ముప్పైల్లో ఈల్ల దేశపు దక్షిణాది రైతుల్ని, రెండావులు ఎక్కువున్నోల్లని, భూమి లాక్కుని ఇక్కడికి తోలీసినారంట. ఈడే సలికాలంలో బళ్ళెక్కించి తోలించి అడివిలో దింపించీసినాడు. ఈయమ్మకి అప్పుడు ఐదేళ్ళు. ఇద్దరు సెల్లెల్లు ఆ బండిలోనే పోయారంట."

"ఆ ఫొటో ఎందుకు ఉంచింది?"

ఆపరేటర్ అడిగాడు. ఆవిడ నవ్వింది. మంచి నవ్వు కాదు.

"ఆడి మనవలు ఈ ఊల్లోనే ఉన్నారంట. తీసీమని మూడుసార్లు అడిగినారంట. బడి పిల్లలొచ్చినప్పుడల్లా ఆల్ల ముందే బళ్ళల్లో పోయిన ఈ పిల్లల పేర్లన్నీ సదివిత్తాదంట. సచ్చీదాకా సదివిత్తానంటంది."

నాకు ఆవిడ నచ్చింది. పగ పట్టడం వచ్చిన మనిషి.

ఆ పేర్ల పక్కన విచారణలో కమాండెంటు చెప్పిన మాట కూడా ఉంది. బళ్ళల్లో దుప్పట్ల కింద పిల్లలున్నారని నాకు తెలియదు, నేను చూడలేదు అన్నాడట. అప్పటి నుంచే ఆ ఊరికో కట్టుబాటు. చలికాలంలో మంచు రోడ్డెక్కే ఏ బండి అయినా ఊరి చివరి ఇంటి దగ్గర ఆగాలి. ఎవరైనా నిలబడి ఉంటే ఎక్కించుకోవాలి. ఎవరు, ఎందుకు అని అడగకూడదు. సుబేదార్‌తో సహా మేం తొమ్మిది మందిమీ మొదటి వారంలోనే అది నేర్చుకున్నాం.

ఇప్పుడు మా అన్నయ్య సంగతి. ఉద్దానంలో కిడ్నీలు పాడవడం కొత్త కాదు. నేను బయల్దేరేనాటికి అన్నయ్యని వారానికి రెండుసార్లు విశాఖ తీసుకెళ్తున్నారు. నా కిడ్నీ సరిపోతుందేమో చూడమని రక్తం, మిగతా పరీక్షలూ ఇచ్చి వచ్చాను. సరిపోతే కబురు చెయ్యండి, మర్నాడే బయల్దేరతాను అని వదినకి చెప్పాను. సుబేదార్‌కీ చెప్పాను. "తప్పకుండా. అన్న కంటే డ్యూటీ ఎక్కువా?" అన్నాడు. ఆ మాట నేను నమ్మాను.

డిసెంబరు పోయింది. జనవరి పోయింది. కబురు లేదు. సరిపోలేదు కాబోలు అనుకున్నాను. అలా అనుకుని కొంచెం తేలిగ్గా నిద్రపోయాను కూడా. ఆ నిద్రకి నన్ను నేనే తిట్టుకుంటాను.

ఫిబ్రవరిలో ఒక రోజు పదహారు గంటల ఇరవైకి, లాగ్ పుస్తకంలో సంతకం కోసం సుబేదార్ గదికి వెళ్ళాను. మనిషి లేడు. ఫైలు తెరిచే ఉంది. యూనిట్ నుంచి ఉత్తరాల సంచీలో నా పేరు మీద వచ్చిన సందేశాలు రెండు, పిన్ను పెట్టి ఉన్నాయి. ఒకటి: పరీక్షలు కలిశాయి, అన్నకి సీరియస్, వెంటనే పంపండి. రెండోది దానికి పద్దెనిమిది రోజుల తర్వాతది. అందులో నాలుగే మాటలు.

సుబేదార్ లోపలికి వచ్చాడు. కాగితాలు నా చేతిలో చూశాడు.

"బండ్ల పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు వెళ్ళిపోతే బండ్లు ఎవరు చూస్తారు? ఇంకో మెకానిక్ ఉన్నాడా?" అన్నాడు.

"పద్దెనిమిది రోజులు సాబ్."

"నేనూ మనిషినే సింహాచలం. ఆయన అంత తొందరగా పోతాడనుకోలేదు."

సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాను. చంపేస్తాను అనుకున్నాను. కోపంలో అందరూ అనే మాటలా అనుకోలేదు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎలా అని ఆలోచించుకుంటూ నడిచాను.

నాలుగు రోజుల్లో ఆఖరి పరీక్ష. ఒక బండి, ఒక మనిషి, ఆసుపత్రి ఉన్న ఊరిదాకా నలభై ఆరు కిలోమీటర్లు. రిపోర్టులో పేరు కోసం సుబేదార్ తనే నడుపుతానన్నాడు. నాకు అదే కావాలి.

మా ఇంట్లో మార్గశిరం వస్తే కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతుంది. పొద్దున్నే అమ్మ పొయ్యి పక్కన పెట్టి కరిగించి తలకి రాసేది. వేసవి డీజిల్ కూడా అంతే. అక్కడ చలికాలానికి వేరే డీజిల్ పోస్తారు. మేం రాకముందు ఎండాకాలంలో తెచ్చిన పాత పీపా ఒకటి షెడ్డులో మిగిలి ఉంది. ముందు రోజు సాయంత్రం బండి ట్యాంకు ఖాళీ చేసి ఆ వేసవి డీజిల్ నింపాను. వెచ్చటి షెడ్డులో ఇంజిను చక్కగా తిరుగుతుంది. బయట మైనస్ ముప్పైనాలుగులో పదిహేను కిలోమీటర్లు వెళ్ళేసరికి ఫిల్టర్ పూడిపోతుంది. హీటరూ ఆ ట్యాంకుదే. రెండో బండి వెనకే వెళ్ళి కాపాడకుండా, రిపేరు పేరుతో షెడ్డు బయట దాని ఎడమ పట్టా ఊడదీసి నేల మీద పరిచాను. నా పని ఎప్పుడూ అంత శ్రద్ధగా చేయలేదు.

తొమ్మిదీ ఇరవైకి బయల్దేరాడు. "సలామత్ రహో సాబ్" అన్నాను. క్షేమంగా ఉండమని.

పదిన్నర. ఆపరేటర్ హెడ్‌సెట్ పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, ఇంజిన్ ఆగిపోనాదంట. పద్నాలుగో కిలోమీటరు. హీటరు కూడా నేదు. రెండో బండి తియ్యి."

"పట్టా ఊడదీశాను."

"బిగించీ మరి! ఆడొక్కడే కాదు బావా. సివరింటి కాడ ముసలమ్మ ఎక్కినాదంట. ఆసుపత్రిలో కంటికి సూపించుకుందామని."

కట్టుబాటు నాకు తెలుసు. మూడు నెలలు ప్రతి బండీ అక్కడ ఆగడం నా కళ్ళతో చూశాను. డీజిల్ గుర్తుంది, ఫిల్టర్ గుర్తుంది, కిలోమీటర్లు గుర్తున్నాయి. ఆ చివరి ఇల్లు గుర్తు రాలేదు.

పట్టా బిగించడం నలుగురి పని, గంటన్నర. మిగతావాళ్ళు నదికి అవతల బండ్లు నడిపి చూసే మైదానం సర్దుతున్నారు. మేమిద్దరమే. గ్లోవ్స్‌తో పిన్నులు దూరవు. తీసేశాను. ఇనుము చేతికి అంటుకుని చర్మం లేచొచ్చింది. ఆపరేటర్ గడ్డపారతో ఎత్తుతూ, మధ్య మధ్య రేడియోలో అరుస్తున్నాడు. "సాబ్, వినిపిస్తోందా? ఓవర్." పదకొండూ నలభై దాకా జవాబు వచ్చింది. తర్వాత రాలేదు.

"ఇంత సలిలో రిపేరుకి ఈ రోజే దొరికినాదేటి బావా నీకు?" అన్నాడు. అని నా మొహం చూశాడు. మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.

పన్నెండూ యాభైకి కదిలాం. ఒకటీ ముప్పై ఐదుకి చేరాం. నది మధ్య బండి తెల్లగా నిలబడి ఉంది. తలుపు గడ్డకట్టింది. గడ్డపారతో కొట్టి తెరిచాం.

బతికే ఉన్నారు ఇద్దరూ. సుబేదార్ ఉత్త చేతులతో ఫిల్టర్ విప్పాడట. ఆ చలిలో డీజిల్ చేతుల మీద పడితే నిప్పు పడ్డట్టే. వేళ్ళు మైనం రంగులోకి వచ్చేశాయి. ముసలమ్మ తన కోటు గుండీలు విప్పి, ఆ రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని, కదలనివ్వకుండా నొక్కి కూర్చుంది. ఆవిడ కనురెప్పల మీద మంచు. ఊపిరి ఆడుతోంది. నన్ను చూసింది. పక్కనే ఫిల్టర్, దానికి తెల్లటి ముద్ద. దాన్ని వేలితో తీసి, నలిపి చూసి, నా వైపు చాపింది. అక్కడి పిల్లకి కూడా తెలుసు అది ఏ డీజిలో.

ఆసుపత్రిలో మూడో రోజు నన్ను పిలిపించుకుంది. అన్నయ్య సంగతి ఆపరేటర్ అప్పటికే చెప్పేశాడు. ఆవిడ రెండే మాటలు అంది. ఆపరేటర్ తల దించుకుని చెప్పాడు.

"పగ తీర్చుకోవద్దని ఈయమ్మ అనట్లేదు బావా. బండిలో ఎవలున్నారో సూడకుండా తోలీసినావు, ఆ ఫొటోలో ఉన్నోడిలాగ, అంటంది."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వెయ్యలేదు. క్షమించాననీ అనలేదు. నాకు తగినదే అది.

సుబేదార్ కుడి చేతికి మూడు వేళ్ళు తీసేశారు. పొరపాటున పాత డీజిల్ పడిందని రిపోర్టు రాయించి, ఎడమ చేత్తో సంతకం చేశాడు. పొరపాటు కాదని ఆయనకీ తెలుసు. నన్ను పట్టిస్తే ఆ రెండు కాగితాలూ బయటికి వస్తాయి. ఇద్దరం నోరు మూసుకున్నాం. ఎంత చెత్త న్యాయమో అది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాం. పలాసలో రైలు దిగి, బస్సులో ఊరికి. జీడితోటలు పూత దాటి కాయకి వచ్చాయి. వదిన నన్ను చూసి లేచి నిలబడింది. నుదుట బొట్టు లేదు. మంచినీళ్ళిచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"కబురందనేదేటి బాబూ? తమ్ముడు బయల్దేరుంటాడు, రైల్లో ఉంటాడు అని ఆకరి రోజు దాకా అదే మాట మీ అన్నకి."

"వచ్చినాది వదినా. నాకు ఇవ్వనేదు. ఒకడు దాసీసినాడు."

"దాసీసినాడా?" ఆవిడ గొంతు మారిపోయింది. "ఎవడాడు? ఆడి సేతులు పడిపోను! ఆడి సేతులు పడిపోను!"

పడిపోయాయి వదినా అని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళయింది, ఆయన మీద కోపం గింజంత కూడా తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు. కాగితాలు దాచిన ఆ చేతుల్ని రోజుకోసారైనా శపించాలనుకుంటాను. కానీ ఎప్పుడు తలుచుకున్నా అవి ఆ ముసలమ్మ చంకల్లోనే కనిపిస్తాయి.