రాయి కడిగిన పిండి

నిజామాబాద్ బస్టాండులో బోధన్ మీదుగా కోటగిరి పోయే బస్సు ఎక్కేటప్పుడు నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో చీరలు. రెండోదాంట్లో తునికాకు, తంబాకు, కత్తెర, దారపుండ. "సుట్టమోలె పోతున్నవా, కార్ఖానకు పోతున్నవా" అని మా అత్త గడపలోనే దెప్పింది. ఏం చేయను, చేతులు ఊరికే ఉంటే నాకు పిచ్చి లేస్తుంది. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి, బీడీలు చుట్టే ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని.

నేను పోతున్నది చూసి రావడానికి కాదు, తీసుకురావడానికి. కోటగిరిలో ఉన్న నా స్నేహితురాలూ నేనూ ఒకే గల్లీలో పెరిగాం. ఒళ్లో చాటలు పెట్టుకుని, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, పెళ్లిళ్లయ్యేదాకా కలిసి బీడీలు చుట్టాం. నన్ను రెండు గల్లీల అవతల ఇచ్చారు. ఆమెను కోటగిరిలో గిర్ని ఉన్న ఇంటికిచ్చారు. జొన్నలు, గోధుమలు పిండి పట్టే గిర్ని. రెండేళ్ల కింద ఆమె భర్త జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. అప్పటినుంచి గిర్ని తనే నడుపుతోంది.

తొంభైల మొదట్లో మాట ఇది. బోధన్‌లో ఉండే ఆమె బావ, అంటే భర్త అన్న, ఆ గిర్నిని అమ్మేద్దామంటున్నాడు. ఒంటి ఆడమనిషి ఎన్నాళ్లు నడుపుతుందని ఆయన బాధ. కొనే మనిషిని కూడా చూసిపెట్టి, శుక్రవారం వచ్చి మాట తీసుకుంటానని కబురు చేశాడు. ఆ సంగతి చెవిన పడగానే నేను మంగళవారమే బయలుదేరాను. మా పక్కింట్లో కిరాయికిచ్చే ఒక అర్ర, చిన్న గది, ఖాళీ అయింది. గిర్ని అమ్మేసి ఆమె ఆ అర్రలోకి వస్తే మళ్లీ ఇద్దరం పక్కపక్కన కూర్చోవచ్చు. ఆమె మేలు కోరే పోతున్నాను, కానీ నా ఆశ కూడా చిన్నదేం కాదు.

బోధన్ దాటేసరికి బస్సు నడక మారిపోయింది. మాఘమాసం, చెరుకు కొట్టే రోజులు. ముందు ఎడ్లబండ్లు బారులు తీరి ఉంటే డ్రైవరు హారన్ కూడా కొట్టడు. కండక్టరు కిటికీలోంచి చెయ్యి చాపి ఒక బండిలోంచి గడ లాక్కున్నాడు. బండివాడు తిట్టకపోగా "లావుది తీస్కో" అన్నాడు. కోటగిరిలో దిగి హోటల్లో చాయ్ అడిగితే, పాలు వస్తున్నయ్ అన్నారు. ఎప్పుడొస్తయ్ అంటే, వస్తయ్ అన్నారు. నేను ఒక కట్ట బీడీలు చుట్టేంత సేపు ఆ బెంచీ మీద కూర్చున్నాను. పాలు రాలేదు.

గిర్ని ముందు డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు, ఇద్దరు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. కరెంటు లేదు. ఎప్పుడొస్తదని అడిగితే ఒకామె నన్ను జాలిగా చూసి "వచ్చినప్పుడు వస్తది" అంది. లోపలినుంచి నా స్నేహితురాలు వచ్చింది. కనుబొమ్మల నిండా పిండి, అరవై ఏళ్లదానిలా ఉంది. నా సంచులు రెండూ చూసి నవ్వింది.

"నువ్వొక్కదానివే వస్తవనుకున్న. బీడీలు గూడ వచ్చినయా?"

"ఊకె కూసోమంటవా మీ ఊరోళ్లోలె?"

"కూసో. ఎవ్వలేమనరు."

ఆ సాయంత్రం జొన్నరొట్టె పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో గొంతు మండింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రొట్టె పిండిలో కారం కలిపినవా, నన్ను రావద్దని చెప్పడానికా అని తిట్టాను. ఆమె చెంబు నా ముందు పెట్టి తాపీగా చెప్పింది.

"మంగళారం మంగళారం మిరపకాయలు పడతనే. ఉన్నది ఒక్కటే రాయి. కారం పట్టినంక రాయి కడగాలె గద. నీళ్లతోని కడగరాదు. నా జొన్నలు రెండు సార్లు పోసి తిప్పుత. రాయికున్న కారమంత గా పిండిల పడ్తది."

"పారెయ్యరాదు?"

"జొన్నలు పారేస్తరా? ఊరోళ్లకిస్తే తిడ్తరు. అందుకే మంగళారం నా ఇంట్ల గిదే రొట్టె."

ఎవరో తినే పిండి తియ్యగా ఉండటానికి వారం వారం నోరు కాల్చుకునే మనిషిని అంతకు ముందు చూడలేదు. ఇది పిచ్చి అని మొహం మీదే చెప్పాను. మజ్జిగ పోసుకోమంది.

మర్నాడంతా కరెంటు కోసం చూడటమే పని. నేను అరుగు మీద చాట పెట్టుకుని కూర్చుంటే నా చేతుల వేగం చూడటానికి నలుగురు చేరారు. వాళ్లకది తమాషా. కరెంటు వచ్చినప్పుడు మాత్రం ఊరు ఒక్కసారిగా లేచేది. గిర్ని బెల్టు తిరగడం, డబ్బాలు ముందుకు జరగడం, పిండి దుమ్ములో ఆమె చేతులు కనబడీ కనబడకుండా కదలడం. నిదానపు మనిషి అక్కడ నిదానంగా లేదు. మళ్లీ కరెంటు పోయేది. మళ్లీ అందరూ కాళ్లు చాపేవాళ్లు.

ఆ మధ్యాహ్నం ఒక బండి గోధుమ బస్తాలతో గిర్ని ముందునుంచే పోయింది. బండి మీద కూర్చున్నాయన ఇటు చూడకుండా ఎద్దు తోక సర్దుకుంటున్నాడు. ఆమె ఆ బండిని మలుపు తిరిగేదాకా చూసింది.

"పెండ్లి గోధుమలు," అంది. "పక్క ఊర్ల కొత్త గిర్ని పెట్టిండ్రు. గాడికి పోతున్నయ్."

"నీ గిర్ని ముందట్నించి?"

"రోజు పిండి నా దగ్గర్నే పట్టిచ్చుకుంటరు. పెండ్లి పిండి, పెండ్లి పసుపు మాత్రం నా చేతికియ్యరు. ఆయన పోయిన కాడికెల్లి గంతే."

మాఘమాసంలో పెళ్లి పిండి రాకపోతే గిర్నికి ఏడాది మొత్తం కరెంటు బిల్లు కట్టుకోవడమే మిగులుతుంది. అది నాకు ఆమె చెప్పనక్కర్లేదు, పాత బెల్టు చూస్తేనే తెలిసింది. ఒళ్లు మండిపోయింది. ఇట్లాంటి ఊళ్లో ఎందుకుంటావు, అర్ర ఖాళీగా ఉంది, లెయ్యి, పోదాం అన్నాను. ఆమె చాలాసేపు పిండి జల్లెడ దులిపింది.

"బావ రానీ," అంది చివరికి. "ఈ పెండ్లిళ్లల్ల గూడ ఎవ్వలు రాకుంటె నీతోనే వస్త."

నేను గెలిచాననుకున్నాను. ఎందుకో సంతోషం మాత్రం సగమే వచ్చింది.

గురువారం ఆ గోధుమల ఇంట్లోనే పెళ్లి. చుట్టంగా వచ్చినదానికీ పిలుపే అని పక్కింటామె నన్ను భోజనానికి లాక్కుపోయింది. నా స్నేహితురాలు రానంది. పందిట్లో బంతి సాగింది. నా పక్కన ఒక ముసలి అవ్వ, ఎదురుగా పెళ్లికొడుకు తరఫువాళ్లు. పూర్ణం పెట్టి కాల్చిన భక్ష్యాలు వడ్డించి, పైన నెయ్యి ధారగా పోశారు. పెళ్లికొడుకు మేనమామ పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. తర్వాత నీళ్లు. తర్వాత ఎక్కిళ్లు.

"గిదేంది, మీ ఊర్ల భక్ష్యాలల్ల మిరపకాయ పెడతరా?" అన్నాడు.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అంత నెయ్యీ అంత బెల్లమూ పోసి కూడా బంతి మొత్తం చెంబుల కోసం చేతులు చాపింది. వంటాయన తల మీద చెయ్యి పెట్టి ఒట్లు వేస్తున్నాడు. నేనూ ఒక ముక్క తిన్నాను. తినగానే తెలిసింది, మంగళవారం నాటి మంటే ఇది. నోరు మూసుకుని ఉండాల్సింది. నా నోటికి ఆ అలవాటు లేదు.

"వంటాయనను అనకుండ్రి," అన్నాను. "కారం పట్టినంక రాయి కడగకుండ గోధుమలు పోసిండ్రు."

పక్కనున్న అవ్వ నావైపు తిరిగింది. "రాయి కడుగుడేంది?"

చెప్పాను. మా స్నేహితురాలి మంగళవారం జొన్నల సంగతీ, ఆ రొట్టె ఎవరు తింటారో కూడా చెప్పాను. అవ్వ మజ్జిగన్నం తిని లేచిపోయింది.

ఇంటికొచ్చి ఉత్సాహంగా ఇదంతా చెబితే నా స్నేహితురాలు మెచ్చుకుంటుందనుకున్నాను. తిట్టింది.

"పెండ్లింట్ల కూసోని గా మాట అంటవా? ఆడపిల్ల తండ్రి ముఖం ఎట్లయిందో సూసినవా?"

అంటూనే ఇంట్లో ఉన్న పెరుగు కుండ పక్కింటామెకిచ్చి, రెండో బంతివాళ్లకు పొయ్యమని పెళ్లింటికి పంపింది. నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి ఆమె సామాను మూట కట్టడం మొదలుపెడితే, నేను కోపంతోనే సాయం పట్టాను.

శుక్రవారం పొద్దున గిర్ని తలుపు తీసేసరికి ఒక ఎద్దుబండి నిలబడి ఉంది. బండిలో గోధుమ బస్తాలు. బండి పక్కన నిన్నటి అవ్వ. ఆ వచ్చే వారం ఆమె మనవరాలి పెళ్లట.

"నా నోరు ఇంక మండుతనే ఉన్నది," అంది అవ్వ. "వియ్యంకులు గట్ల నీళ్లు తాగుడు నా ఇంట్ల కావద్దు. గోధుమలు దించుకో."

నా స్నేహితురాలు బస్తాలు దించుకుంది. అప్పుడు అవ్వ కొంగు ముడి విప్పింది. అందులో పసుపు కొమ్ములున్నాయి, రోట్లో పలుకులుగా దంచినవి. నా స్నేహితురాలు ఒక అడుగు వెనక్కి జరిగింది.

"గోధుమలు పడతనవ్వా. పసుపు వద్దు. రేపు ఏమన్న అయితె నా చెయ్యినంటరు."

"నీ పెనిమిటి ఉన్నప్పుడు గీ గిర్నిల పసుపు ఎవలు పట్టిండ్రు?"

ఆమె ఒక బస్తా మూతి విప్పసాగింది.

"ఆడు పొద్దందాక హోటల్ కాడ బెంచి మీదనే ఉండేటోడు," అంది అవ్వ. "నా పెద్ద మనవరాలి పసుపు పట్టింది నువ్వే. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. గప్పుడు గీ చెయ్యే, గిప్పుడు గీ చెయ్యే. ఇగ పట్టు, కరెంటు పోతది."

నా స్నేహితురాలు నావైపు చూసింది. నేను ఆమెను తీసుకుపోవడానికి వచ్చినదాన్ని. వద్దని తల ఊపితే చాలు, సాయంత్రం బస్సుకు ఇద్దరం పోతాం. పక్కింటి అర్ర నా కళ్లముందు కనబడింది, అందులో పక్కపక్కన రెండు చాటలు కూడా.

"పొయ్యవే," అన్నాను. "నీ నిదానం పాడుగాను."

ముందు గోధుమలు పట్టింది. చివర్న పసుపు పోసింది. గిర్నంతా పసుపు వాసన, గాలిలో పచ్చని దుమ్ము. సరిగ్గా అప్పుడే బావ దిగాడు. ఆ రొదలో ఆయన ఏదో అడుగుతుంటే, ఆమె వినబడక "బావా, జర గా డబ్బా పట్టు" అని సైగ చేసింది. ఆయన పట్టుకున్నాడు. మీసాల మీద పసుపు పడింది. కరెంటు పోయి రొద ఆగాక అడిగాడు.

"ఏమంటవ్ మరి?"

"గిర్ని ఇయ్యను బావా."

"పెండ్లి పిండి వస్తలేదంటివి?"

"వచ్చింది," అంది ఆమె.

ఆయన తన చేతులు చూసుకున్నాడు, గోధుమ బస్తాలు చూశాడు, అవ్వను చూశాడు. "అయితె బెల్టు మార్చాలె," అన్నాడు. "బోధన్ల దొరుకుతది. వచ్చే వారం తెస్త."

మా పక్కింటి అర్రలోకి తర్వాత వేరేవాళ్లు వచ్చారు. నేను మాత్రం చాలా ఏళ్లు ప్రతి మాఘంలోనూ కోటగిరి పోయాను. వరసలో పెళ్లి డబ్బాలు చూసి రావడం నాకు పండగ. ఆ తర్వాత కూడా కొన్ని ఇళ్లవాళ్లు పక్క ఊరికే పోయారు. అందరూ మారలేదు. గిర్ని నడవడానికి అందరూ మారనక్కర్లేదు.

ఆ శుక్రవారం కరెంటు మళ్లీ వచ్చాక ఆమె తన జొన్నలు రెండు సార్లు పోసి రాయి కడిగింది. దీపాలు పెట్టే వేళకు పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు కొట్టింది. చూస్తే అన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి.

"తిను. కారం లేదులే," అంది.

తిన్నాను. కొంచెం చేదుగా, పచ్చి పసుపు వాసనతో ఉంది. ఆమె రొట్టె తుంచుతుంటే చేతులు చూశాను. మణికట్టు దాకా పసుపే. రెండేళ్లుగా ఏ పేరంటంలోనూ ఎవరూ పసుపు పెట్టని చేతులు అవి. నాకు ఏడుపు వచ్చింది. అది దాచుకోవడానికి ఎప్పటిలాగే కసిరాను.

"తినేముందు చేతులు కడుక్కోవా?"

"కడిగిన. పోతలేదు," అంది.

రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తకుండానే చెప్పింది.

"సబ్బు పెట్టలేదులే."