అమ్మ చీటీలోని అంకె

మా జిల్లాలో నూటికి ఎంతమందికి బీపీ ఉందో తేల్చే సర్వేలో నేను పది నెలలు పనిచేశాను. బరంపురం బజారు వీధుల్లో తెలుగూ, దిగపహండి వైపు పల్లెల్లో ఒడియా మాట్లాడగలిగిన మనిషి కావాలన్నారు. మా ఇళ్లలో పుట్టినవాళ్లకి ఆ రెండూ ఉగ్గుపాలతోనే వస్తాయి. చదివిన డిగ్రీ కంటే అదే నాకు ఉద్యోగం ఇప్పించింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. వీధి మొదట్నుంచి లెక్కపెట్టుకుంటూ ప్రతి ఏడో ఇంటికీ వెళ్లాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్లందరినీ అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, జబ్బకి పట్టీ చుట్టి, మూడుసార్లు బీపీ చూసి రాయాలి. ఏడో ఇంటికి తాళం ఉంటే ఎనిమిదో ఇంటికి పోకూడదు, మర్నాడు మళ్లీ రావాలి. ఇంట్లో దొరికినవాళ్లనే చూస్తే అది దొరికినవాళ్ల లెక్క అవుతుంది గాని ఊరి లెక్క కాదని మా సూపర్‌వైజరు అంటుండేవాడు. కొత్తగా చేరిన అమ్మాయిలకి ఆ మాట నా సొంతమాటలా అప్పజెప్పేదాన్ని. సముద్రం ఒడ్డున చమఖండిలో మగవాళ్లంతా చేపల వేటకెళ్లిపోతే, పడవలొచ్చేదాకా ఇసకలో గొడుగేసుకుని కూర్చుని, వాళ్ల తడిచేతులు తుడిచి మరీ చూశాను. అంత నిష్ఠగలదాన్ని.

ఒక శనివారం మా వీధి వంతు వచ్చింది. మూల మీద కిరాణా కొట్టు దగ్గర మొదలుపెట్టి లెక్కపెడితే ఏడోది మా ఇల్లే. సొంతింటివాళ్లని వేరేవాళ్లు చూడాలని రూలు. నాతో తిరిగే అమ్మాయికి ఆ రోజు జ్వరం. మా ఇల్లే కదా, నేను చూసేస్తాను సార్ అని సూపర్‌వైజరుకి ఫోన్‌లో చెప్పాను. ఆయనకీ పని తెమలాలి, సరేనన్నాడు.

నాన్న బజార్లోని తన కొట్టునుంచి వచ్చి బనీనుతోనే చెయ్యి చాపాడు. ఆయనది అయిపోయింది. అమ్మ వంటింట్లో ఉంది. శనివారాలు తలస్నానం చేసి, దండెం మీద ఆరేసిన మడిచీర కట్టుకుని వండి, దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవర్నీ తాకదు.

"అమ్మా, ఒక్కసారి సెయ్యియ్యి" అన్నాను గుమ్మంలోంచి.

"దూరం, దూరం! మడిలో ఉన్నాను. ఆ పట్టీ ఎంతమంది సేతులకి సుట్టేవో ఏటో! బోజనాలయ్యాక సూద్దువు గాని."

"నాకింకా మూడిళ్లున్నాయమ్మా."

"అయితే ఎల్లి రా. నాకేటయింది, గుండ్రాయిలా ఉన్నాను."

గంటసేపు ఆగితే చాలు. ఎవరో జాలర్ల కోసం ఎండలో సగం పూట కూర్చున్నదాన్ని, మా అమ్మ కోసం గంట కూర్చోలేకపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచాననుకుని ఇంటిని లెక్కచెయ్యలేదు.

వీధరుగు మీద కూర్చుని ఫారం నింపేశాను. నూట ఇరవై, ఎనభై అని గుండుసున్నాలు రాస్తే సూపర్‌వైజరు పట్టేస్తాడు. మొదటిసారి కంగారుకి కాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి నూట ఇరవై నాలుగు వేశాను, తర్వాత నూట పద్దెనిమిది, ఆ తర్వాత నూట పదహారు. అబద్ధాన్ని కూడా పద్ధతిగా రాశాను. ఆ తెలివికి అప్పుడు కొంచెం మురిసిపోయాను కూడా, చెప్పడానికి సిగ్గేస్తోంది.

చూసినవాళ్లందరికీ వాళ్ల బీపీ రాసిన చీటీ ఒకటి ఇవ్వాలి. అమ్మకీ రాసి, కిటికీలో పెట్టి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి అది దేవుడి పటం వెనకకి చేరింది, కరెంటు బిల్లులతో పాటు.

సర్వే అయిపోయింది, మెషిన్లు తిరిగి ఇచ్చేశాం. మరుసటి ఏడు అమ్మకి మధ్యాహ్నాలు తలనొప్పి మొదలైంది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది. ఆస్పత్రికి పోదామని నాన్న అంటే, పక్కింటి పిన్నిగారు వినేలా అనేది: "మా పిల్ల ఊరందరికీ సూసింది, నాకు సూడదా? ఏటీ నేదని కాయితం మీద రాసిచ్చింది. మొకం సూస్తే తెలిసిపోద్ది దానికి."

నేను లోపల్నుంచి వింటూ నవ్వుకున్నాను. ఆ రోజైనా లేచి, వీధి చివర మందుల షాపుదాకా తీసుకెళ్లి చూపిస్తే అయిపోయేది. ఆమె గొప్పగా చెప్పుకుంటుంటే కాదనడానికి నోరు రాలేదు.

ఇంకో ఆరు నెలలకి, పొద్దున్న పోపు పెడుతుంటే అమ్మ కుడిచేతిలోంచి గరిటె జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. ఆస్పత్రిలో డాక్టరు ఒడియాలో, ఇదివరకు బీపీ ఉండేదా అని అడిగాడు. నాన్న జేబులోంచి ఆ చీటీ తీసి ఇచ్చాడు. డాక్టరు చూసి, "అప్పటికి బాగానే ఉందన్నమాట" అన్నాడు.

"అవునండీ" అన్నాను నేను.

సర్వే ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. ఆఫీసువాళ్లు నాకూ ఒకటి పంపించారు. మా జిల్లా పేజీలో నూటికి ఇంతమందికి ఉంది, ఇంతమందికి లేదని ఉంది. లేనివాళ్లలో మా అమ్మ ఇప్పటికీ ఉంది. ఆ పుస్తకం అటక మీద పడేశాను.

ఇప్పుడు మడీ లేదు, దండెం మీద చీరా లేదు. మాటలు కొంతవరకు తిరిగొచ్చాయి, కుడిచెయ్యి మాత్రం రాలేదు. కొనుక్కున్న మెషిన్‌తో రోజూ రెండు పూటలా నేనే చూస్తాను. మొన్నొక పొద్దున్న పట్టీ చుడుతూ ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ శనివారం నేను సూడనేదమ్మా. ఊరికే రాసేసేను."

"తెల్దేటే నాకు?" అంది నెమ్మదిగా, మాట మాట కూడదీసుకుంటూ. "ముట్టుకోవద్దన్నది... నేనే కదా."

"మరి తలనొప్పొచ్చినప్పుడు ఆస్పత్రికెందుకెల్లనేదు?"

పట్టీ బిగిసి, గాలి పోయి, వదులైంది.

"ఎల్తే ఎక్కువుందని సెప్తారు" అంది. "నువ్వు రాసింది తప్పని... నలుగురికీ తెలిసిపోద్ది. నీకు మాటొస్తాది కదే."

మెషిన్‌లో వచ్చిన అంకె చూడలేకపోయాను. ఒక నిమిషం ఆగి మళ్లీ పట్టీ చుట్టాను. అమ్మ కదలకుండా ఎడమచెయ్యి చాపి కూర్చుంది.