కన్సోల్‌లో మా ఇంటి మాట

మా నాయనకు చెవులు పోయిన సంవత్సరమే నేను జావా నేర్చుకునేదానికి చేరినా. ఆ రెండిటికీ సంబంధం ఉండాదని అప్పుడు ఎవరైనా చెప్పింటే, పో, పోయి నీ పని చూసుకో అనుండేదాన్ని.

మాది కోయంబత్తూరులో మిల్లు పనోళ్ళ వీధి. ఎన్ని తరాల ముందర ఈ పక్కకు వచ్చినామో మాకే తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి తమిళం, రేషన్ కార్డు తమిళం, పెండ్లి పత్రిక కూడా తమిళమే. తెలుగు మాకు నోట్లో ఉండే సరుకు. దాన్ని రాస్తారని, చదువుతారని మా ఇంట్లో ఎవరికీ తోచనే లేదు. ఇప్పుడు నేను రాస్తాండే ఈ అక్షరాలు ఆమీద నానా తిప్పలు పడి నేర్చినవి.

మిల్లులో చేసి చేసి నాయనకు ముందే చెవులు మందగించినాయి. ఒక జ్వరం వచ్చి ఆ మిగిలింది కూడా తుడిచిపెట్టుకుని పోయె. చెవికి మిషన్ పెట్టినా లాభం లేదని డాక్టరు చెప్పేసినాడు. సరి, మనిషికి చదువొచ్చు గదా, రాసి చూపిద్దామని పలక ఒకటి తెచ్చినాము. రాసేదంటే మాకు తమిళమే. భోజనానికి రండి అనేదానికి అమ్మ "సాప్పిడ వాంగ" అని రాసేది. మాత్ర వేసుకున్నారా అని నేను రాసేదాన్ని, అదీ తమిళంలోనే. పుట్టి బుద్ధెరిగి నాయనతో మేము తమిళం మాట్లాడింది లేదు. పలక పట్టుకుంటే చాలు, అందరమూ మర్యాదస్తులమైపోతిమి. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన్ని ఏమయ్యా అని అరిచిన అమ్మ కూడా పలక మీద వాంగ, పోంగ, అదే రండి, పొండి.

నాయన మొదట్లో తలూపేవాడు. తరవాత పలక చూసేది మానేసె. అన్నం తట్ట తీసుకుని వాకిట్లోకి పోయి ఒక్కడే తినేవాడు. ఒక ఆదివారం పొద్దున సంచిలో పంచెలు సర్దతా, చెవులు వినపడనోళ్ళ గొంతు తెలుసు గదా, వీధంతా వినపడేటట్టు చెప్పినాడు: "నేను అన్నూరు పోతా. అన్న తోటలో ఉండిపోతా. ఈడ నేను సుట్టమైపోతిని. సుట్టాన్ని పిలిచినట్టే పిలుస్తారు."

అమ్మ పలక తీసింది. ఏమి రాయాలో తెలీక మళ్ళా పెట్టేసి, పొయ్యి కాడికి పోయి ఏడ్చింది. నాకు భయమేసింది. ఆయన పోతే తిరిగి రాడు. మొండి మనిషి, ఆ మొండితనం నాకే వచ్చింది గాబట్టి నాకు తెలుసు.

ఏమీ తోచక ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నా. క్లాసులో చూపించాల్సిన అభ్యాసం ఒకటి మిగిలి ఉండింది. ప్రింట్‌ఎఫ్ పాఠం. వాక్యం రాసి, నడుమ శాతం గుర్తు, పక్కన ఎస్ పెడితే అది ఖాళీ జాగ. వెనకాల ఏ మాట ఇస్తే ఆ మాట పోయి ఆ జాగలో కూర్చుంటాది. ఇంత వెడల్పు విడువు అంటే విడుస్తాది, ఎడమకు జరుగు అంటే జరుగుతాది. ఇది నేర్చిన రోజే నాకు ఒళ్ళు జలదరించింది. వచ్చేది ఎవరో తెలీకుండానే అన్నానికి ఆకు వేసి పెట్టినట్టు, రాబోయే మాటకు ముందే చోటు చేసి పెట్టుకునే వాక్యం అది.

అభ్యాసానికి క్లాస్ అనే అచ్చు ఒకటి రాసి, దాంట్లోంచి ఆబ్జెక్టులు చేయాల. పుస్తకంలో బ్యాంకు, ఖాతాదారు అని ఉండింది. ఆ పొద్దు బ్యాంకు మీద నాకు మనసు లేదు. మనిషి అని క్లాస్ పెట్టి, అమ్మ ఒక ఆబ్జెక్టు, నేను ఒక ఆబ్జెక్టు అన్నా. ఎవరి పిలుపు వాళ్ళది: అమ్మకు ఏమయ్యా, నాకు నాయనా. వాక్యం మాత్రం ఇద్దరికీ ఒకటే. చేతికొచ్చే అక్షరాలు తమిళమే గాబట్టి, ఆ అక్షరాల్లోనే తెలుగు మాటను కొట్టినా. ఎందుకు కొట్టినానో ఇప్పటికీ చెప్పలేను. పొయ్యి కాడ అమ్మ ముక్కు చీదేది వినపడతాండింది, అంతే.

రన్ చేస్తే కన్సోల్ అనే నల్ల కిటికీ నిండా ప్రశ్న గుర్తులు. నాయన ఎప్పుడు వచ్చినాడో నా వెనకాల నిలబడి ఉన్నాడు. "ఏమది, వరసగా ప్రశ్నలే అడగతాది?" అన్నాడు. ఆ నల్ల కిటికీకి తమిళ అక్షరాలు తెలీవు, యూటీఎఫ్ ఎనిమిది లెక్కన చదువు అని చెప్పి దారికి తేవాల. సెట్టింగ్ మార్చి, అక్షరాలు పెద్దవి చేసి మళ్ళా నొక్కినా.

ఏమయ్యా, బువ్వ తింటివా
నాయనా, బువ్వ తింటివా

మొదట ఆయన పెదాలు కదిలినాయి. ఆపైన గొంతు వచ్చింది. చదివి నా మొగం చూసి, మళ్ళా తెర చూసి, "ఇది మన మాట" అన్నాడు.

బతుకంతా మాట్లాడిన మాటను ఆయన కండ్లతో చూసేది అదే తొలిసారి. నాకూ అదే తొలిసారి. మా అవ్వ అడిగిన మాట, ఆయమ్మ అవ్వ అడిగిన మాట, ఎప్పుడూ నోట్లో పుట్టి గాలిలో పోయే మాట, కదలకుండా ఆడ నిలబడి ఉండాది. చదివేసినాక కూడా ఉండాది. గుడిలో కూడా నేను అట్ల నోరు తెరుచుకుని నిలబడింది లేదు.

అమ్మను పిలిచినా. వచ్చి చూసింది. అయిదో తరగతి చదువు ఆమెది, ఫోనులో తమిళం కొట్టే అలవాటు మాత్రం ఉండాది. బువ్వ తింటివా అనే చోట కూడా ఖాళీ పెట్టి, ఈడ నీ మాట కొట్టమ్మా అన్నా. నన్ను జరగమని కూర్చుని, ఒంటి వేలితో వెతికి వెతికి కొట్టింది. నేను చూడకుండానే రన్ నొక్కినా.

ఏమయ్యా, చెవిటోని ముందర శంఖం ఊదినట్టు ఉండాది నీతో కాపురం

నాయన మాట వినని ప్రతిసారీ అమ్మ అనే సామెత అది. జ్వరం వచ్చి పోయినప్పటినుంచి మా ఇంట్లో ఎవరమూ దాన్ని నోట్లోకి రానియ్యలేదు.

నాయన తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివినాడు. చదివి అమ్మ పక్కకు తిరిగినాడు.

"ఊదవే" అన్నాడు. "ఇప్పుడు కనపడతాది."

అమ్మ వంగి, ఇంకో వరస కొట్టేదానికి మొదలుపెట్టింది.